ఘాజీ: పైకి, కిందికి మాత్రమే

"మంచి సర్వైవల్ సినిమా ఒకటి చెప్పు" అని మన క్లాసులో ఎవరినడిగినా ముందు ఇంగ్లిష్ పేర్లే వస్తాయి. గ్రావిటీ, ద మార్షియన్, కాస్ట్ అవే. కాస్త ఆలోచించి ఎవరో ఒకరు 'మంజుమ్మెల్ బాయ్స్' అంటారు. అది మలయాళం. తెలుగు పేరు మాత్రం నోటికి రాదు. నేను 'ఘాజీ' అంటే "అది వార్ సినిమా కదా" అంటారు. "పైగా హిట్టయింది, నేషనల్ అవార్డొచ్చింది. దాన్ని అండర్‌రేటెడ్ అంటావేంటి?" అని ఇంకోటి తగిలిస్తారు.

వాళ్ళన్నది నిజమే. సంకల్ప్ రెడ్డి తీసిన మొదటి సినిమా 'ఘాజీ' 2017 ఫిబ్రవరి 17న విడుదలైంది. జనం చూశారు, ఆ ఏడాది సినిమాలకిచ్చిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం కూడా అదే. డబ్బు, అవార్డు లెక్కల్లో దానికి తక్కువేం జరగలేదు. తక్కువ జరిగింది మనం దాన్ని చూసిన తీరులో. ఆగస్టు పదిహేనుకీ జనవరి ఇరవయ్యారుకీ టీవీలో వేస్తారు, జనగణమన వచ్చే ముక్క స్టేటస్‌లో పెట్టుకుంటాం, అక్కడితో అయిపోతుంది. దేశభక్తి సినిమా అనే డబ్బాలో వేసి మూత పెట్టేశాం. నా ఉద్దేశంలో అది అంతకన్నా పెద్ద సినిమా. కదల్లేని ఒక ఇనుప గొట్టంలో ఇరుక్కుపోయిన మనుషులు బతకడానికి ఏం చేశారన్నదే అందులో అసలు కథ. ఆ కథ పూర్తిగా అందాలంటే సబ్‌మెరైన్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. అది చెప్పడానికే ఈ వ్యాసం.

కథ క్లుప్తంగా

1971. ఇండియా, పాకిస్తాన్ మధ్య యుద్ధం రేపో మాపో అన్నట్టుంది. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ బంగాళాఖాతంలోకి వస్తోందని తెలిసి మన నేవీ ఎస్-21 అనే సబ్‌మెరైన్‌ని పంపుతుంది. దాని కెప్టెన్ రణ్ విజయ్ సింగ్ (కే కే మీనన్) దూకుడు మనిషి. కొడుకును పోగొట్టుకున్న బాధ లోపల ఉంది. శత్రువు కనిపిస్తే ఆర్డర్ల కోసం ఆగే రకం కాదు. ఆయన్ని కొంచెం అదుపులో ఉంచడానికి అర్జున్ వర్మను (రానా) ఎక్కిస్తారు. ఇద్దరి మధ్యలో నలిగిపోయే అధికారి దేవరాజ్ (అతుల్ కులకర్ణి). దారిలో మునిగిపోయిన ఓడ నుంచి అర్జున్ ఒక శరణార్థి యువతిని (తాప్సీ), ఒక చిన్నపాపను కాపాడి లోపలికి తెస్తాడు.

తర్వాత ఘాజీ పెట్టిన మైన్ ఒకటి ఎస్-21కి తగులుతుంది. లోపలికి నీళ్ళు వస్తాయి. అర్జున్‌ని కాపాడబోయి కెప్టెన్ చనిపోతాడు. సబ్‌మెరైన్ ముందుకీ వెళ్ళలేదు, వెనక్కీ వెళ్ళలేదు. మిగిలినవి రెండే దిక్కులు, పైకి, కిందికి. అవతల ఘాజీకి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు, వెతుకుతూ తిరుగుతోంది.

సర్వైవల్ సినిమాకి కావలసిన సరుకంతా ఇక్కడుంది. బయటికి దారి లేని చోటు, తరిగిపోయే గాలి, పాడైన యంత్రం, తక్కువ టైము. మా కంప్యూటర్ సైన్స్ భాషలో చెప్పాలంటే దర్శకుడు కన్‌స్ట్రెయింట్లు ఒక్కొక్కటే పెంచుకుంటూ పోయి చివరికి రెండే ఆప్షన్లు మిగిల్చాడు. ఇప్పుడు ఆ ఆప్షన్లు ఎంత ఇరుకైనవో చూద్దాం.

మునగడం ఎలా, తేలడం ఎలా

ఖాళీ ప్లాస్టిక్ సీసాకి మూత బిగించి బకెట్లో వేస్తే తేలుతుంది. సగం నీళ్ళు పోస్తే కొంచెం దిగుతుంది. నిండా పోస్తే ఇంచుమించు మునుగుతుంది. సబ్‌మెరైన్ సూత్రం ఇంతే. మనుషులుండే గట్టి గొట్టం చుట్టూ బ్యాలస్ట్ ట్యాంకులని ఉంటాయి. వాటిలోకి సముద్రపు నీళ్ళు వదిలితే బరువెక్కి మునుగుతుంది. పైకి రావాలంటే సిలిండర్లలో గట్టిగా కుక్కి ఉంచిన గాలిని ఆ ట్యాంకుల్లోకి వదలాలి. గాలి నీళ్ళను బయటికి తోసేస్తుంది, సబ్‌మెరైన్ తేలికై పైకొస్తుంది.

విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న మన కుర్సురానే తీసుకోండి. నీటిపైన ఉన్నప్పుడు దాని లెక్క సుమారు 1,950 టన్నులు, మునిగాక సుమారు 2,475. అంటే మునగడానికి 500 టన్నులకు పైగా నీళ్ళు మింగుతుందన్నమాట.

అయితే మామూలుగా లోతు మార్చుకోవడానికి ప్రతిసారీ ఇంత పని అక్కర్లేదు. సబ్‌మెరైన్‌కి చేప రెక్కల్లాంటి పలకలు ఉంటాయి. ముందుకు వెళ్తూ వాటిని కొంచెం వంచితే విమానం లేచినట్టు పైకి లేస్తుంది, దిగినట్టు దిగుతుంది. ఇక్కడ ముఖ్యమైన మాట "ముందుకు వెళ్తూ". నీళ్ళు ఆ పలకల మీదుగా పారితేనే అవి పనిచేస్తాయి. రన్‌వే మీద నిలబడిపోయిన విమానానికి రెక్కలున్నా లాభం లేనట్టే, కదలని సబ్‌మెరైన్‌కి ఆ పలకలున్నా లాభం లేదు.

ఇప్పుడు ఎస్-21 పరిస్థితికి రండి. ముందుకు కదలదు కాబట్టి పలకలు పనికిరావు. పైకి రావాలన్నా కిందికి పోవాలన్నా ట్యాంకులే దిక్కు. పైకి వచ్చిన ప్రతిసారీ సిలిండర్లలో గాలి ఖర్చవుతుంది. ఆ గాలి మళ్ళీ నింపుకోవాలంటే సముద్రం పైకి రావాలి. పైకొస్తే శత్రువుకి దొరికిపోతుంది. అంటే వాళ్ళు పైకి, కిందికి కదిలిన ప్రతిసారీ జేబులోంచి ఒక నోటు తీసి ఇచ్చేస్తున్నారు, ఆ జేబులో ఎన్ని నోట్లున్నాయో వాళ్ళకు తెలుసు. ఇది మనసులో పెట్టుకుని రెండో సగం మళ్ళీ చూడండి. "డైవ్" అన్న ఒక్క మాట బరువు మారిపోతుంది.

ఊపిరి లెక్క

కుర్సురా లాంటి పాత సబ్‌మెరైన్లు డీజిల్ ఇంజన్లతో నడిచేవి. డీజిల్ మండాలంటే గాలి కావాలి కాబట్టి నీటి కింద ఇంజన్ వేయడం కుదరదు. పైన ఉన్నప్పుడు ఇంజన్ వేసి బ్యాటరీలు చార్జ్ చేసుకుని, కింద ఆ బ్యాటరీల మీద నడవాలి. మన ఫోన్ లాగే, చార్జింగ్ అయిపోతే పని అయిపోయినట్టే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆ బ్యాటరీల్లో ఆసిడ్ ఉంటుంది. సముద్రపు ఉప్పునీళ్ళు అందులో కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన గ్యాస్ అదే. అందుకే సబ్‌మెరైన్‌లో నీళ్ళు కారడమంటే మునిగిపోతామన్న భయం ఒక్కటే కాదు.

ఊపిరి విషయంలో మనమంతా ఆక్సిజన్ అయిపోతుందని భయపడతాం. అయితే మూసేసిన చోట ముందుగా ఇబ్బంది పెట్టేది మనం వదిలే కార్బన్ డయాక్సైడ్. బయట గాలిలో అది 0.04 శాతం. మూడు, నాలుగు శాతానికి చేరితే తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. పది శాతం దగ్గర స్పృహ తప్పుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఊరికే కూర్చున్న మనిషి గంటకు సుమారు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. కుర్సురాలో సిబ్బంది 75 మంది. అంటే గంటకు 1,500 లీటర్లు, ఒకటిన్నర ఘనపు మీటర్లు. లోపల వెయ్యి ఘనపు మీటర్ల గాలి ఉందనుకుందాం. దాన్ని పీల్చుకునే రసాయనాలు ఏవీ లేకపోతే, ఇరవై గంటల్లో మూడు శాతం దాటుతుంది. అదీ అందరూ కదలకుండా కూర్చుంటేనే. పరుగులు పెడితే, బరువులెత్తితే, భయంతో రొప్పితే ఆ ఇరవై గంటలు చాలా తొందరగా కరిగిపోతాయి.

ఈ లెక్క తెలిశాక అర్జున్ ఆ యువతినీ పాపనీ లోపలికి తెచ్చిన సీన్ వేరేగా కనిపించింది నాకు. మామూలు సినిమాలో అది హీరో మంచితనం చూపే సీన్. ఇక్కడ మాత్రం అందరికీ సరిపడా లేని గాలిలోంచి ఇంకో రెండు వాటాలు తీసిపెట్టడం. కెప్టెన్ కోపంలో న్యాయం ఉంది, అర్జున్ చేసిందీ న్యాయమే. సర్వైవల్ కథలో అసలు ప్రశ్న ఇక్కడే పుడుతుంది: మనం బతకడానికి ఎవరిని బయట వదిలేస్తాం? సినిమా ఈ ప్రశ్నకు ఉపన్యాసం ఇవ్వదు. పాపను లోపలికి తీసుకుని తలుపు మూసేస్తుంది.

తలుపు మీద లారీ

నీటిలో పది మీటర్లు దిగిన ప్రతిసారీ మన మీద ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. వంద మీటర్ల లోతులో పది. వినడానికి చిన్న అంకె. అరవై సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రని తలుపు ఒకటి ఊహించుకోండి, మన ఇంట్లో పెద్ద పళ్ళెం కన్నా కొంచెం పెద్దది. వంద మీటర్ల లోతులో ఆ తలుపు మీద పడే బరువు దాదాపు 28 టన్నులు. మన అనకాపల్లి రోడ్ల మీద తిరిగే చెరుకు లారీని లోడుతో సహా ఆ పళ్ళెం మీద నిలబెట్టినట్టు. బయట నీళ్ళుండగా లోపల్నుంచి ఎంతమంది తోసినా అది తెరుచుకోదు.

అందుకే సబ్‌మెరైన్‌ని గదులుగా విడగొడతారు. కుర్సురాలో అలాంటివి ఏడు. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళే దారి గుండ్రటి రంధ్రం. తల వంచి, ఒక కాలు ముందు వేసి దూరాలి. టూరిస్టులకు అది సరదాగా ఉంటుంది, అందరూ ఫోటోలు దిగేది అక్కడే. దాని అసలు పని మాత్రం వేరు. ఒక గదిలో నీళ్ళు వస్తే ఆ తలుపు మూసేసి మిగతా గదుల్ని కాపాడాలి. అవతల మనిషి ఉన్నా సరే మూయాలి. 'ఘాజీ'లో తలుపులు మూసే సీన్లు చూస్తున్నప్పుడు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, చాలు.

ఇవి సినిమా వాళ్ళు కల్పించిన భయాలు కావు. 2000 ఆగస్టు 12న రష్యా సబ్‌మెరైన్ కుర్స్క్‌లో పేలుళ్ళు జరిగి 108 మీటర్ల లోతులో మునిగింది. మొత్తం 118 మంది పోయారు. పేలుళ్ళ తర్వాత కూడా 23 మంది తొమ్మిదో గదిలో ప్రాణాలతో మిగిలారు. వాళ్ళలో ద్మిత్రి కొలెస్నికోవ్ అనే అధికారి చీకట్లోనే కాగితం మీద వాళ్ళ పేర్లు రాసిపెట్టాడు. సాయం వెళ్ళేసరికి ఎవరూ మిగల్లేదు. ఒడ్డు నుంచి చూస్తే 108 మీటర్లంటే మన కాలేజీ గేటు నుంచి బ్లాకు దాకా నడిచే దూరం. నీటిలో నిలువుగా అదే దూరం దాటలేకపోయారు.

చెవులే కళ్ళు

సబ్‌మెరైన్‌కి కిటికీలు లేవు. నీటి కింద వెలుతురు ఎలాగూ ఎక్కువ దూరం పోదు. అందుకని అక్కడ చూడటమంటే వినడమే. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. గాలిలో అది 340. మూడు కిలోమీటర్ల అవతల ఏదైనా చప్పుడైతే గాలిలో మనకు తొమ్మిది సెకన్లకు వినపడుతుంది, నీటిలో రెండు సెకన్లకే.

సోనార్ రెండు రకాలు. ఒకటి, మనమే ఒక 'పింగ్' శబ్దం పంపి అది దేనికైనా తగిలి తిరిగొచ్చే టైముని బట్టి దూరం లెక్కకట్టడం. చీకట్లో టార్చి వేసినట్టు. అవతలి వాడు కనపడతాడు, కానీ టార్చి ఎక్కడుందో వాడికీ తెలిసిపోతుంది. రెండోది, నోరు మూసుకుని ఊరికే వినడం. అవతలి వాడి ప్రొపెల్లర్, ఇంజన్, కిందపడిన స్పానర్, ఏదైనా సరే. ఇందులో దిక్కు తెలుస్తుంది గానీ దూరం సరిగ్గా తెలీదు. పైగా సముద్రంలో వేడి, ఉప్పదనం లోతును బట్టి మారుతుంటే శబ్దం వంగిపోతుంది. పెద్ద పెద్ద నదులన్నీ వచ్చి కలిసే బంగాళాఖాతంలో పైపొర నీళ్ళలో ఉప్పు తక్కువ, కాబట్టి ఈ తేడాలు ఎక్కువే.

అంటే ఆ రెండు సబ్‌మెరైన్ల పోరాటం కళ్ళకు గంతలు కట్టుకున్న ఇద్దరు ఒకే గదిలో కత్తులు పట్టుకుని నిలబడటం లాంటిది. ముందు చప్పుడు చేసినవాడు దొరికిపోతాడు. సినిమాలో నాకు బాగా నచ్చిన చోట్లన్నీ ఎవరూ మాట్లాడని చోట్లే. హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి కళ్ళు, పైకప్పు వైపు చూస్తున్న మొహాలు, కెప్టెన్ ఎత్తిన చెయ్యి. పాటలు లేవు, కామెడీ ట్రాక్ లేదు, బయటి ప్రపంచం దాదాపు లేదు. పెద్ద హీరో ఉన్న తెలుగు సినిమాకి ఇది ఎంత ధైర్యమో మనందరికీ తెలుసు. దర్శకుడు సంకల్ప్ రెడ్డిని నేను గౌరవించేది అందుకే. మొదటి సినిమాకే మనిషిని ఇరుకులో పెట్టి, అక్కడే రెండు గంటలు ఉంచాడు. ఆ తర్వాత 2018లో తీసిన 'అంతరిక్షం'లో కూడా అదే ఇరుకు, చోటు మాత్రం ఆకాశం.

జనగణమన ఒక ఎర

ఇప్పుడు అందరికీ గుర్తున్న సీన్ దగ్గరికి వద్దాం. సినిమా వచ్చేనాటికి థియేటర్లలో సినిమాకి ముందు జాతీయ గీతం వేయాలని సుప్రీంకోర్టు 2016 నవంబర్ 30న ఇచ్చిన ఆదేశం అమల్లో ఉంది. సినిమా కథలోనే గీతం వస్తే లేచి నిలబడాలా అన్న ప్రశ్న వచ్చింది. అక్కర్లేదని 2017 ఫిబ్రవరి 14న కోర్టు చెప్పింది, అంటే 'ఘాజీ' విడుదలకు సరిగ్గా మూడు రోజుల ముందు. అయినా చాలామంది లేచారు. మా పక్క వరుసలో ఒక పెద్దాయన పాప్‌కార్న్ కింద పెట్టి మరీ నిలబడ్డారు.

ఆ గౌరవాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ అందరం నిలబడిపోయిన ఆ నిమిషంలో కథలో జరుగుతున్న తెలివైన పని చూడటం మర్చిపోయాం.

టార్పెడో గొట్టాలు సబ్‌మెరైన్‌కి బిగించి ఉంటాయి, అటూ ఇటూ తిప్పలేం. గురి మార్చాలంటే మొత్తం సబ్‌మెరైన్‌నే తిప్పాలి. ఎస్-21 తిరగలేదు. కాబట్టి వాళ్ళు శత్రువు దగ్గరికి గురిని తీసుకెళ్ళలేరు, శత్రువునే గురి దగ్గరికి రప్పించాలి. ఎలా? వాళ్ళ దగ్గర మిగిలింది శబ్దం ఒక్కటే. ఇంతసేపూ ప్రాణం కాపాడింది నిశ్శబ్దం. ఇప్పుడు ఆ నిశ్శబ్దాన్ని వాళ్ళే తెంచేస్తారు. ఘాజీ కమాండర్ రజాక్ కోపిష్టి అని తెలుసు కాబట్టి అతనికి మండిపోయేలా గీతం పాడతారు. ఆ పాట ఇనుప గోడ దాటి, నీళ్ళలో పాకి, అవతలి సోనార్ చెవిలో పడుతుంది. అతను రెచ్చిపోయి తిరిగి, ఎదురుగా వస్తాడు.

వేటగాళ్ళు ఎర కట్టినట్టు కట్టారన్నమాట. కాకపోతే ఎరగా కట్టుకున్నది తమనే. దాక్కోవడమే బతుకు అనుకున్న చోట "మేమిక్కడున్నాం" అని గొంతెత్తి చెప్పడం ఎంత భయంకరమైన నిర్ణయమో, పైన చెప్పిన గాలి, లోతు, చప్పుడు లెక్కలు తెలిస్తేనే అర్థమవుతుంది. దేశభక్తి అక్కడ లేదని కాదు. భయంతో గొంతు ఎండిపోయినవాళ్ళు పాడుతున్నారని తెలిశాక ఆ పాట ఇంకా బరువుగా వినిపిస్తుంది.

నచ్చనివి కూడా ఉన్నాయి

ఇదంతా చదివి లోపాల్లేని సినిమా అనుకోవద్దు. తాప్సీ పాత్రను లోపలికి తెచ్చాక రచయితలకు ఆమెతో ఏం చేయించాలో తోచలేదు. రజాక్‌ని మరీ బొమ్మ విలన్ చేశారు. అవతల కూడా అదే చీకటి, అదే గాలి లెక్క, అదే భయం ఉంటాయి కదా. 1981లో వచ్చిన జర్మన్ సినిమా 'దాస్ బూట్' మొత్తం హిట్లర్ సైన్యపు సబ్‌మెరైన్‌లోనే నడుస్తుంది. జిబ్రాల్టర్ దగ్గర అది సముద్రం అడుగున కూలబడి, లోపలివాళ్ళు నీళ్ళు తోడుకుంటూ బాగుచేసుకునే గంటల్లో, వాళ్ళు ఏ పక్షమో మనకు గుర్తుండదు. బతికితే బాగుండు అనిపిస్తుంది. 'ఘాజీ' ఆ అడుగు వేయలేదు. ఘాజీలో ఉన్నవాళ్ళు మనకు అరుపులుగా వినిపించారు గానీ మనుషులుగా కనిపించలేదు.

మన ఒడ్డున అసలు ఘాజీ

ఈ లోపం నన్ను ఎక్కువ బాధపెట్టడానికి కారణం, ఆ మనుషులు ఇంకా మన పక్కనే ఉండటం.

అసలు ఘాజీ 1945లో అమెరికా నేవీలో 'డయాబ్లో' పేరుతో చేరింది. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. 1971 నవంబర్ 14న కరాచీలో బయలుదేరి ఇండియా చుట్టూ తిరిగి ఇటువైపు వచ్చింది. దాని వేట మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. అప్పటికే విక్రాంత్‌ని అండమాన్ వైపు పంపేశారు. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్, విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత నౌకతో వైర్‌లెస్ సందేశాలు పంపించారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో పెద్ద పేలుడు. ఊళ్ళో కిటికీలు అదిరాయి. తర్వాత జాలర్లకు నూనె తెట్టు, శకలాలు కనిపించాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మన నేవీ చెప్తుంది. లోపలి పేలుడో, తాను పెట్టిన మైన్లో కారణమని పాకిస్తాన్ అంటుంది. ఏదైనా, లోపలున్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బయటపడలేదు. ఆ సబ్‌మెరైన్ ఇప్పటికీ విశాఖ రేవుకి దగ్గర్లోనే సముద్రం అడుగున ఉంది.

సరిగ్గా ఐదు రోజుల తర్వాత, డిసెంబర్ 9న, డయ్యూ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన ఐఎన్‌ఎస్ ఖుక్రిని ముంచేసింది. 194 మంది పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదల్లేదు. సముద్రానికి ఒక వైపు లెక్క, ఇంకో వైపు లెక్క అని రెండు లేవు.

మరి సినిమాలోని ఎస్-21? ఆ కథ కల్పన. ఆ నంబర్ మాత్రం నిజమైన మన సబ్‌మెరైన్ కరంజ్‌ది, ఆ యుద్ధంలో అది అరేబియా సముద్రం వైపు ఉంది. కుర్సురా నంబర్ ఎస్-20. కుర్సురా చూశాకే తనకు ఈ కథ ఆలోచన వచ్చిందని సంకల్ప్ రెడ్డి చెప్పారు. అంటే ఈ సినిమా పుట్టిల్లు మనకు నలభై కిలోమీటర్ల లోపే ఉంది.

ఎలా చూడాలంటే

నా సలహా ఇది. అనకాపల్లిలో బస్సెక్కితే గంటన్నరలో ఆర్కే బీచ్. 1969 డిసెంబర్‌లో నేవీలో చేరి, 2001 ఫిబ్రవరిలో రిటైరై, 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా అక్కడ ఇసుక పక్కన నిలబడి ఉంటుంది. పొడవు 91 మీటర్లు. లోపల చూపించేవాళ్ళలో రిటైరైన నేవీ వాళ్ళు ఉంటారు. తొందరపడకండి. బ్యాటరీలు ఎక్కడుంటాయని అడగండి. నీళ్ళొస్తే ఏ తలుపు మూస్తారని అడగండి. పడుకునే బల్లలు చూడండి, టార్పెడోల పక్కనే మనిషి పడుకునేవాడు. గుండ్రటి రంధ్రంలోంచి దూరేటప్పుడు ఒక్క క్షణం ఆగి, వెనక గది, ముందు గది రెండూ చూడండి. అప్పుడు ఇంటికొచ్చి 'ఘాజీ' పెట్టుకోండి.

ఇది పాత ముచ్చట మాత్రమే కాదు. మన జిల్లాలోనే రాంబిల్లి దగ్గర సబ్‌మెరైన్ల కోసం నేవీ కొత్త స్థావరం కడుతోంది. రేపు మన క్లాసులోంచే ఎవరో ఒకరు ఇలాంటి గొట్టాల్లో సాఫ్ట్‌వేర్ రాయొచ్చు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే సెన్సర్‌కి కోడ్ రాయొచ్చు. ఆ అంకె మూడు దాటిందని చూపించే ఎర్ర లైటు టైముకి వెలగడం వాళ్ళ చేతిలో ఉంటుంది. వాళ్ళకు సర్వైవల్ అంటే ఏంటో నేర్పడానికి సిలబస్‌లో చాప్టర్ లేదు. తెలుగులో మాత్రం ఒక సినిమా ఉంది.